బొమ్మ రాని ఆట

ఇంజన్ మోగుతోంది గాని బొమ్మ రావడం లేదు. నల్లటి తెరలో తన ముఖమే తనకు కనిపిస్తోంది, డ్యూటీ చొక్కా కాలరు ఒకవైపు ముడుచుకుపోయి, క్లిప్పులోంచి జారిన జుట్టు చెంప మీద పడి, రోజూ బస్సు అద్దంలో చూసుకునే ముఖమే, కాకపోతే అక్కడ ఎప్పుడూ ఇంత బెదురుగా ఉండదు. ఆ ముఖం వెనకాల కిటికీ వెలుతుర్లో, చక్రాల కుర్చీలో కూర్చున్న తమ్ముడి భుజం, చెవి, చెవి పైన కుట్లు వేసినచోట ఇంకా సరిగ్గా మొలవని జుట్టు. లాప్‌టాప్‌లోంచి ఆ పాత ఆటలో కారు గుర్రుమంటోంది, నిలబడ్డచోటే. నడవా చివర డాక్టరమ్మ రౌండ్లు మొదలుపెట్టింది. ఫైళ్ళ బండి చక్రం ఒకటి కీచుమంటోంది, దానికి నూనె వేసేవాళ్ళే లేరు ఈ ఆసుపత్రిలో, అది ఒక గది ముందు ఆగితే ఆమెకు ఊపిరి ఆడుతోంది, కదిలితే బిగుసుకుపోతోంది. ఆ బండి ఈ గది దాకా వచ్చేలోపు బొమ్మ రావాలి. రాకపోతే తమ్ముణ్ణి వెనక భవనంలోకి మార్చేస్తారు. వెనక భవనంలో చెడ్డగా చూస్తారని కాదు, వేళకు తినిపిస్తారు, పక్క మారుస్తారు, ఎండ పడేచోట కూర్చోబెడతారు. నేర్పడం మాత్రం మానేస్తారు. ఇక్కడ మంచాలు తక్కువ, కాచుకుని కూర్చున్నవాళ్ళు ఎక్కువ, ఇవాళ చూసి ఏ సంగతీ తేల్చి చెప్పేస్తానంది డాక్టరమ్మ. గొంతు బాగుంది, నాలుక బాగుంది, మాటలన్నీ లోపలే ఉన్నాయి, మొదలుపెట్టడమే రావడం లేదు, అని మొన్న కూర్చోబెట్టి చెప్పింది. చెయ్యెత్తమంటే ఎత్తుతాడు, నోరు తెరవమంటే తెరుస్తాడు, దాహమేస్తే మాత్రం నీళ్ళడగడు. ఆయనంతట ఆయన ఒక్కటి, ఏదో ఒక్కటి మొదలుపెట్టాలి. ఒక్కటి. అప్పుడు ఆ మాట విని తలూపింది ఆమె, పెద్ద కష్టమేం కాదన్నట్టు.

నిన్న తమ్ముడి వేలు కదలడం ఆమెకు తప్ప ఎవరికీ కనబడలేదు. ఈ కిటికీ కింద రోడ్డు ఎత్తెక్కుతుంది, బస్సులు అక్కడ గేరు మార్చక తప్పదు, ఆ గేరు మారిన చప్పుడు ఆమెకు నిద్రలో కూడా తెలుస్తుంది కాబట్టి అటు చెవి పెట్టింది, కన్ను మాత్రం తమ్ముడి చేతి మీద ఉంది. బస్సు గేరు తగ్గించి మూలుగుతూ పైకి వస్తుంటే వాడి కుడిచేతి చూపుడువేలు కుర్చీ చేతిని నొక్కింది, వదిలింది, మళ్ళీ నొక్కింది. వణుకండీ, అంది వ్యాయామం చేయించే అమ్మాయి. వణుకు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదా, ఏళ్ళ తరబడి బస్సు గేరు కర్ర పట్టుకున్న చెయ్యి ఇది, వణికేది వేరు, నొక్కేది వేరు. ఆ నొక్కుడు ఎక్కడిదో కూడా తెలుసు. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే కుర్చీ మీద చెరొక సగం కూర్చుని, ఉబ్బెత్తు తెర ఉన్న పాత కంప్యూటరు ముందు, కొండల మీద మట్టిరోడ్డులో కారు పరుగెత్తించిన రోజుల్లోది. వాడు నడిపేవాడు, ఆమె మలుపులు చెప్పేది. ఆటలో చెప్పడానికి ఒక గొంతు ఉండేది గాని అది ఏ దేశం భాషో, వాళ్ళకు ముక్క అర్థమయ్యేది కాదు, అందుకని దాని నోరు మూయించి ఆమే చెప్పేది, మలుపులకు తమ పేర్లు తాము పెట్టుకుని. చాలా పొడుగ్గా, అయిపోయిందనుకున్నా అయిపోకుండా సాగేది అత్తయ్య మలుపు, ఎందుకంటే అత్తయ్య వెళ్ళొస్తానని లేచాక గుమ్మంలో నిలబడి ఇంకో గంట మాట్లాడేది. బోర్డు మీద రాస్తూ రాస్తూ ఉన్నట్టుండి వెనక్కి తిరిగి సుద్దముక్క విసిరే లెక్కల మాస్టారు పేరు, ఒక్కసారిగా వెనక్కి తిప్పేసే మలుపుకి. బ్రేకు వెయ్యాల్సిన చోటు నాన్న దగ్గు. నాన్న పక్కగదిలో దగ్గాడంటే ఇక ఆపండి అని అర్థం. పెద్దయ్యాక నేను నిజం కార్లు నడుపుతాను అన్నవాడు చివరికి లైసెన్సు కూడా తీసుకోలేదు, నిచ్చెన భుజాన వేసుకుని దుకాణాలకు బోర్డులు బిగించే పనిలో పడ్డాడు. పక్కన కూర్చుని ఎడమ కుడి అని అరిచినదేమో ఊరంతటినీ బస్సులో తిప్పుతోంది. ఆ నిచ్చెనే జారింది. ఒక మందుల షాపు బోర్డు బిగిస్తూ, అక్షరం వంకరగా ఉందేమో చూద్దామని వెనక్కి వాలాడట. వంకర ఉంటే ఉండనీయొచ్చు కదరా.

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. అటువైపు డిపోలో టికెట్ మిషన్లు బాగుచేసే కంచు. ఆ గొంతుకి డిపో అంతా పెట్టుకున్న పేరు అది, చెవిలో పెట్టుకుంటే గంట కొట్టినట్టు ఉంటుంది.

"బొమ్మ లేదు, మోత ఉంది. ఏం చెయ్యమంటావు కంచూ?"

"పొద్దున ఏదో ఫైలు దొరకలేదంటోంది అన్నావుగా. ఇప్పుడు ఆ మాట అనడం మానేసిందా?"

"మానేసింది. నేనే వెతికి, ఏదో సైట్లో దొరికితే తెచ్చి ఆట ఫోల్డర్లో పెట్టాను."

"ఏదో సైట్లోనా!" ఆ అరుపుకి తమ్ముడేమైనా తిరిగి చూశాడేమోనని చూసింది. లేదు. "డ్రైవరమ్మా, ఎవడి బండిలోదో స్టీరింగు పీకి తెచ్చి మన బండికి పెడితే తిరుగుతుందా? తీసెయ్ దాన్ని ముందు. ఆ లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేరు పన్నెండో వెర్షను. నీ ఆట తొమ్మిదోదాన్ని అడుగుతోంది."

"పన్నెండులో తొమ్మిది ఉండదా?"

"లెక్కల్లో ఉంటుంది. ఇందులో ఉండదు. కొత్తది కొత్తదే, పాతది పాతదే. కొత్తదాన్ని ముట్టుకోకు, పాతదాన్ని పక్కన పెట్టు, రెండూ వేటి దారిన అవి ఉంటాయి. లింకు పంపుతున్నా, అసలు చోటుదే, ఇంకెక్కడా వేలు పెట్టకు."

తను తెచ్చి పెట్టిన ఫైలు వెతికి తీసేసింది. తీసేయమంటావా అని అది అడిగితే అవునని నొక్కడానికి వేలు రాలేదు ఒక క్షణం, ఎందుకంటే ఈ లాప్‌టాప్ మరదలిది. బడి పుస్తకాల అచ్చుతప్పులు దిద్దే పని ఆ అమ్మాయిది, ఇందులో ఎవరి పాఠాలో, ఎన్ని నెలల దిద్దుబాట్లో ఉన్నాయి, ఏదైనా పోతే వదినే పోగొట్టింది అంటుంది, అనదు, అనకుండా చూస్తుంది, అదింకా కష్టం. నొక్కింది. లింకు తెరిచింది. ఫైలు లాప్‌టాప్‌లోకి దిగింది, నెమ్మదిగా, ఆసుపత్రి వైఫై సంగతి తెలిసిందే, ముసలాయన మెట్లు దిగినట్టు ఆగి ఆగి. బండి కీచుమంది. ఎన్ని గదులు అయిపోయాయో లెక్కపెట్టకూడదని ఒట్టేసుకుంది. దిగాక అది పాస్‌వర్డ్ అడిగింది, ఈ యంత్రం సొంతదారెవరో వాళ్ళే చెప్పాలంది. కారు ఇంజన్ ఆగిపోయి గది నిశ్శబ్దంగా ఉంది. నీళ్ళు తాగుతావా, అని అడిగింది తమ్ముణ్ణి, అలవాటుగా. తాగు అంటే తాగుతాడు. తాగుతావా అంటే ఏమీ అనడు.

మరదలు నడవాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది, ఒళ్ళో చేతిసంచీ, సంచీ మీద రెండు చేతులు, బస్సు రాకపోయినా పర్వాలేదనుకునే ప్రయాణికురాలిలా. పాస్‌వర్డ్ కావాలమ్మా, అంది ఆమె. మరదలు వెంటనే లేవలేదు.

"వదినా, ఒకటి చెబుతాను, ఏమీ అనుకోకండి. ఆ ఆట ఆడింది మీ తమ్ముడు. నేను చేసుకున్నాయన ఎప్పుడూ ఆడలేదు. ఆ పేరు కూడా నేను వినలేదు."

"వాడూ వాడేగా."

"మీకు వాడే. నాకు..." కాసేపు సంచీ జిప్పు లాగింది, వేసింది. "అక్షరాలు పెన్సిలుతో గీసుకుంటూ పక్కన కూర్చోమనేవాడు. మాట్లాడక్కర్లేదు, ఊరికే కూర్చో అనేవాడు. నేను రోజూ అలాగే కూర్చుంటున్నాను. ఆయన లేచి ఆట ఆడితే, మీరు సంతోషపడితే, నేను ఎవరితో ఇంటికెళ్ళాలో తెలియడం లేదు."

ఆమె నోటిదాకా ఏవో వచ్చాయి, నువ్వు వచ్చి ఎన్నేళ్ళయింది, వాడికి పాలపళ్ళు ఊడినప్పుడు ఎక్కడున్నావు, అన్నీ చేదుమాటలే, మింగింది. బండి పక్క గది ముందు ఆగిన చప్పుడు. మరదలికీ వినబడింది. లేచి, లోపలికి వచ్చి, వంగి, ఎవరి దగ్గరా దాచకుండా పాస్‌వర్డ్ కొట్టింది, కొట్టి మళ్ళీ బయటికి వెళ్ళబోయి, భర్త మోకాళ్ళ మీది దుప్పటి సర్ది అక్కడే గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

తెర మీద పచ్చటి గీత సాగుతోంది. సగం దాటింది, ఆగింది. ఇలా ఆగిపోయిన గీతను చూస్తూ కూర్చోవడం కంటే ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం నయం, అక్కడ కనీసం హారన్ కొట్టొచ్చు. కొత్తదాన్ని ముట్టుకోకు అన్నాడు కంచు. తను ముట్టుకుంటోందా. మరదలి ముఖం చూడటానికి భయమేసింది. వాడికి పెళ్ళైన కొత్తలో ఒకసారి వాళ్ళింటికి వెళ్తే వాడు వంటింట్లో గిన్నెలు తోముతూ ఈల వేస్తున్నాడు, వాడికి ఈల వచ్చని తనకు తెలియదు, తెలియనందుకు ఎందుకో కోపమొచ్చి, ఏరా ఈలలు కూడా నేర్చుకున్నావా అని వెటకారం చేసింది, వాడు నవ్వి ఆపేశాడు. ఆ ఈల వేసేవాడు ఈ అమ్మాయికి చెందినవాడు. మలుపులు తెలిసినవాడు తనకు. పడి లేచినవాడు ఎవరికీ చెందకుండా కిటికీ దగ్గర కూర్చున్నాడు. గీత కదిలింది. గబగబా, ఉన్నట్టుండి సిగ్గుపడ్డట్టు, చివరిదాకా పోయింది. పూర్తయింది అంది. ఆమె చేతులు చొక్కాకి తుడుచుకుని ఆట గుర్తు మీద రెండుసార్లు నొక్కింది.

నలుపు. మళ్ళీ నలుపే. ఆ నలుపులోంచి ఆట మొదట్లో వచ్చే ఆ డప్పుల మోత, చిన్నప్పుడు అది వినగానే ఇద్దరూ ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవాళ్ళు, అది వచ్చింది, బ్రహ్మాండంగా వచ్చింది, బొమ్మ రాలేదు. మళ్ళీ ఫోను కలిపింది.

"కంచూ, రాలేదు! పాతది పెట్టాను, అంతా నువ్వు చెప్పినట్టే చేశాను, రాలేదు!"

"మోతలో తేడా ఉందా?"

"లేదు, పూర్తిగా వస్తోంది."

"అయితే ఆట నడుస్తోందన్నమాట. తెరతోనే ఏదో పేచీ. ఉండు, ఇక్కడ నా కంప్యూటర్లో చూసి..." అటు ఎవరో అరిచారు, మిషన్లు పనిచెయ్యడం లేదని, కండక్టర్లంతా లైన్లో ఉన్నారని. "చేస్తాను, రెండు నిమిషాలు, చేస్తాను," అని పెట్టేశాడు.

చక్రం కీచుమని గుమ్మం దగ్గర ఆగింది.

డాక్టరమ్మ లోపలికి వచ్చి నల్లటి తెరనూ, ఆమెనూ, గోడకానుకున్న మరదల్నీ చూసి, తమ్ముడి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. మంచిమనిషే, అందుకే ఇంకా భయం. మీరేదో చూపిస్తానన్నారు, అంది. చూపించడానికి ఏమీ లేదు. వినిపించడానికి ఉంది. ఆమెకు ఏం తోచిందో, తోచిందనడం కూడా సరికాదు, చేతులే చేశాయి, లాప్‌టాప్ ఎత్తి కుర్చీకున్న బల్ల మీద తమ్ముడి ముందు పెట్టింది, వాడి వేళ్ళు తీసి బాణం గుర్తుల మీద ఆనించింది, తను పక్కన కూర్చుని గుడ్డిగా మీటలు నొక్కింది, టిక్కుమంటే ఒక మెట్టు కిందికి, ఇంకో టిక్కు, ఎంటరు, ఇంకో ఎంటరు, ఎన్నెన్ని వందల సార్లు చేసిన దారి అది, కళ్ళెందుకు. పరుగు మొదలవడానికి లెక్కపెట్టే బీపులు వచ్చాయి. మట్టి మీద టైర్లు గిర్రున తిరిగిన చప్పుడు. ఇంజన్ ఒక్కసారి గొంతెత్తింది.

"నొక్కరా."

వాడు నొక్కాడు. డాక్టరమ్మ మెల్లగా అంది, "మీరు చెబితే నొక్కుతున్నారు. అది నేనూ ఇదివరకు చూశాను." అవును, అది ఒక్కటి కాదు, అది సున్నా. ఆమె వినిపించుకోనట్టు ముందుకు వంగింది. నేరుగా పో, అంది. నాన్న దగ్గు. ఇంజన్ తగ్గింది, నిజంగా తగ్గింది, ఎవరు తగ్గించారు, వేలా, ఆటా. కుడి. చిన్న ఎడమ. నీళ్ళు దాటిన చప్పుడు, బాగుంది, నీళ్ళు దాటామంటే దారిలోనే ఉన్నాం, తరవాతేమిటి, వంతెన, వంతెన తరవాత, గుర్తు రావడం లేదు, ఊరిలో ప్రతి సందూ గుర్తుంది గాని ఈ కొండ గుర్తు రావడం లేదు, డాక్టరమ్మ పెన్ను మూత తీసింది, తీసిన చప్పుడు వినబడింది, ఇక రాస్తుంది, వెనక భవనం అని రాస్తుంది, వంతెన చెక్కల మోత అయిపోవచ్చింది, ఏదో ఒకటి చెప్పాలి, "అత్తయ్య!" అని అరిచింది ఆమె, "ఎడమ, అత్తయ్య!"

వేలు ఎడమ మీద పడలేదు. పడకుండా ఆగింది.

"మాస్టారు."

గరగరలాడిన గొంతు, నెలలుగా వాడని కుళాయిలోంచి ముందు గాలి వచ్చినట్టు.

"ముందు మాస్టారు. తరవాతే అత్తయ్య. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"ముందు నువ్వు స్పీడు తగ్గించి ఏడు, అప్పుడు చెబుతాను!" అనేసింది ఆమె. అనేశాక, ఆ మాట నోటినుంచి బయటపడిపోయాక, తను ఎవరికి జవాబు చెప్పిందో తెలిసి, నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. కారు ఎక్కడో రాయికి గుద్దుకుని బోల్తాపడ్డ చప్పుడు, అద్దం పగిలిన చప్పుడు, ఒక చక్రం మాత్రం గాల్లో తిరుగుతూ. డాక్టరమ్మ చేతిలో పెన్ను ఉంది, రాయడం లేదు. తమ్ముడు నల్లటి తెరవైపే చూస్తున్నాడు, చిరాకుగా, ఆ చిరాకుని ముద్దుపెట్టుకోవాలనిపించింది ఆమెకు, ఆ ముడిపడ్డ కనుబొమలను.

గోడ దగ్గరనుంచి మరదలు అంది, "మాస్టారెవరు?"

మెల్లగా, ఎవరినో లేపుతానేమోనన్నట్టు. అడిగింది వదినను. ఆమెకు చెప్పడానికి అంతా సిద్ధంగా ఉంది, సుద్దముక్క, బోర్డు, వాడి చెవి తమ్మె మీద తగిలిన మచ్చ, రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. నాలుక దాకా వచ్చింది. ఎలా ఆపుకుందో తెలియదు, ఎదురుగా పిల్ల అడ్డమొస్తే కాలు దానంతటది బ్రేకు మీదికి పోయినట్టు. లేచి నిలబడింది.

"నాకు గుర్తు లేదమ్మా. వాణ్ణే అడుగు," అంది, కుర్చీ ఖాళీ చేసి.

మరదలు వచ్చి కూర్చుంది. మాట అందించొద్దని డాక్టరమ్మ చెయ్యెత్తింది ఆమెవైపే, ఆమె పెదవి కొరుక్కుంది. మరదలు మళ్ళీ అడగలేదు, ఊరికే కూర్చుంది, రోజూ కూర్చున్నట్టే. వాడు తెరనుంచి తల తిప్పాడు. భార్య ముఖం మీద ఏదో వెతుక్కున్నాడు.

"మలుపు," అన్నాడు. ఆగాడు. "బోర్డు మీద రాస్తూ... వెనక్కి తిరుగుతాడు."

"కొట్టేవాడా?"

"విసిరేవాడు."

మరదలు నవ్వబోయింది, అది నవ్వుగా రాలేదు. నాకూ నేర్పుతారా, అంది. ఏది నొక్కాలి, నాకేం కనబడటం లేదు.

డాక్టరమ్మ ఆమెను బయటికి పిలిచింది. నడవాలో బండి పక్కన నిలబడి, ఇవాళ మార్చడం లేదు, అంది, ఇక్కడే ఉంచుదాం, రేపటినుంచి మాటల శిక్షణ పెంచుతాను, ఆ తరవాత ఏమవుతుందో నేనూ చెప్పలేను. ఇంకా దారి చాలా ఉందమ్మా, అంది. ఆమె అన్నిటికీ తలూపింది, కళ్ళు మండుతున్నాయి, ఏడుపో, ఇందాకటినుంచి రెప్ప వెయ్యకుండా ఆ నల్లటి గాజుని చూసినందుకో. బండి కీచుమంటూ వెళ్ళిపోయింది. ఆమె గోడకానుకుని కూర్చుని కాళ్ళు చాపుకుంది. డ్యూటీకి వెళ్ళాలి, లేవబుద్ధి కావడం లేదు. ఫోను మోగింది.

"దొరికింది డ్రైవరమ్మా!" కంచు గొంతు నడవా అంతా మోగింది. "ఆ ఆట పాత తెర కొలత అడుగుతోంది, కొత్త తెరకి అది తెలియదు, అంతే. సెట్టింగుల ఫైల్లో ఒక్క లైను మారిస్తే బొమ్మ టక్కున వచ్చేస్తుంది. చెబుతున్నా, రాసుకో."

లేచి తలుపుకున్న అద్దంలోంచి చూసింది. ఒకే బల్ల మీద రెండు తలలు వంగి ఉన్నాయి. మరదలు ఏదో నొక్కి, ఏమైందో తెలియక, వాడివైపు తిరిగింది.

"సాయంత్రం చెప్పు కంచూ."

"అదేంటి! పొద్దుట్నుంచి నా ప్రాణం తోడేశావు కదా?"

"బొమ్మ వస్తే ఆ అమ్మాయికి అన్నీ కనబడిపోతాయి," అంది ఆమె. "వాణ్ణి అడగాల్సిన పని ఉండదు."

కంచుకి అర్థమైందో లేదో, సరే అన్నాడు. లోపలినుంచి ఇంజన్ మళ్ళీ మొదలైన చప్పుడు వచ్చింది, మట్టి, వేగం, తరవాత వాడి గొంతు, ఎడమ, అని. కాసేపటికి ఆటలో కారు ధడేలుమంది. ఇంకోసారి వాడి గొంతు, ఈసారి బాగా విసుగ్గా, ఎడమ అన్నానా, అని.